ఒళ్ళునొప్పుల కవరు

‘మీ ఆరోగ్యమే మా ఆనందం’ అని గోడ మీద మూరెడు అక్షరాలతో రాసి ఉండేది. ఆ గోడ కిందే రెండేళ్ళ పైచిలుకు నిలబడి ఉద్యోగం చేశాను. ఇప్పటికీ ఏ ఊళ్ళోనైనా అలాంటి రాత కనబడితే మొహం అటు తిప్పుకుని పోతాను. మా ఆయన నవ్వుతాడు, పాపం గోడ ఏం చేసిందని. గోడ ఏమీ చెయ్యలేదు, దాని కింద తెల్లకోట్లు వేసుకుని నిలబడ్డవాళ్ళం చేశాం.

పలాస మెయిన్ రోడ్డు మీద ఆ మందుల షాపు తెరిచినప్పుడు ఊరంతా చూడ్డానికొచ్చింది. ఎక్కడో పెద్ద సిటీ కంపెనీ. అద్దాల తలుపు, ఏసీ, బుట్ట పట్టుకుని లోపల తిరుగుతూ సబ్బులూ పౌడర్లూ కూడా తీసుకోవచ్చు. మందుల షాపు నడపాలంటే రిజిస్టరైన ఫార్మసిస్టు ఒకరు ఉండి తీరాలి. ఆ ఒకరు నేను. నా సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టి గోడకి తగిలించారు. నా రిజిస్ట్రేషన్ నంబరు ప్రతి బిల్లు కిందా పడేది. తెల్లకోటు తొడుక్కున్న మొదటిరోజు ఆ అద్దాల తలుపులో నన్ను నేను చూసుకుని మురిసిపోయాను. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది గానీ నిజం అదే.

అంతకుముందు ఆరేళ్ళు అదే ఊళ్ళో బజారు వీధిలో ఒక చిన్న మెడికల్ షాపులో పనిచేశాను. అక్కడి సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మా వైపు జీడిపిక్కలు కొట్టే ఫ్యాక్టరీలు వీధికొకటి. ఆడవాళ్ళు పొద్దున్న కూర్చుంటే సాయంత్రం దాకా పిక్కలు కొట్టడం, పప్పు మీద పొర తియ్యడం. నడుములు పడిపోతాయి, భుజాలు లేవవు. ఇంటికి పోతూ మెడికల్ షాపు దగ్గర ఆగి, ఒళ్ళునొప్పులకి రెండు డోసులు కట్టమంటారు. డోసంటే ఒక నొప్పి బిళ్ళ, ఒక గ్యాస్ బిళ్ళ, ఒక పసుప్పచ్చ విటమిన్ బిళ్ళ. కత్తెరతో స్ట్రిప్పుల్లోంచి కత్తిరించి, పాత న్యూస్‌పేపరు ముక్కలో పొట్లం కట్టి ఇస్తారు. డాక్టరు చీటీ ఉండదు. చట్టప్రకారం తప్పు. నేనే నా చేత్తో ఎన్ని పొట్లాలు కట్టానో లెక్కలేదు, కాబట్టి పెద్ద పత్తిత్తు కబుర్లు చెప్పను.

కానీ ఆ షాపు ఓనరు, అరవై దాటిన పెద్దాయన, పొట్లం కట్టే ముందు ప్రతి మనిషినీ మూడు మాటలు అడిగేవాడు. కాళ్ళు వాస్తన్నాయా, ఒంటేలు సరిగ్గా అవుతోందా, మీ ఇంట్లో ఎవరికైనా కిడ్నీ ఉన్నాదా. మా దగ్గర కిడ్నీ ఉన్నాదా అంటే కిడ్నీ జబ్బు ఉందా అని. జవాబు తేడాగా వస్తే పొట్లం కట్టేవాడు కాదు. తిట్టి పరీక్ష చేయించుకోమని పంపించేవాడు. కొందరు అబద్ధం చెప్పేవారు. ఆయన కౌంటరు మీంచి వంగి వాళ్ళ పాదాలు చూసేవాడు. నాకు అప్పట్లో ఇది చాదస్తంగా ఉండేది, వెనకాల వరస పెరిగిపోతోందని విసుగొచ్చేది.

చాదస్తం కాదది. మా ఉద్దానం ఊళ్ళలో కిడ్నీ జబ్బు లేని వీధి లేదు. ఎందుకొస్తోందో ఎవరూ గట్టిగా తేల్చి చెప్పలేకపోయారు, నీళ్ళన్నారు, ఎండన్నారు, మందులన్నారు. ఒకటి మాత్రం తెలుసు. కిడ్నీ దెబ్బతినడం మొదలైన మనిషి నొప్పి బిళ్ళలు మింగితే గుంటలోకి తనే నడిచిపోయినట్టే. ఇది చదువుకున్నదాన్ని నేను, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని.

మా మేనత్త కూడా అలాంటి ఒక జీడి ఫ్యాక్టరీలోనే పనిచేసేది. అమ్మ పొలం పనుల్లో ఉంటే నన్ను చంకనేసుకుని పెంచింది అత్త. ఆవిడకి పిల్లల్లేరు, మావయ్య సముద్రం మీదకి చేపల వేటకి పోయే మనిషి, వాళ్ళు భావనపాడులో ఉండగానే చనిపోయాడు. ఆదివారం చర్చిలో పక్కపక్కనే కూర్చునేవాళ్ళం. ఒకసారి మొహం ఉబ్బినట్టు కనిపిస్తే నేనే పట్టుబట్టి శ్రీకాకుళం తీసుకెళ్ళి రక్తపరీక్ష చేయించాను. రక్తంలో క్రియాటినిన్ పెరగడం మొదలైంది, అంటే కిడ్నీ దెబ్బతింటోందన్నమాట. డాక్టరు మంచాయన, ఇద్దరినీ కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పాడు. ఇప్పుడే జాగ్రత్తపడితే ఏళ్ళ తరబడి ఇలాగే నడిచిపోతుంది, డయాలసిస్ దాకా పోనక్కర్లేదన్నాడు. ఇకమీదట మెడికల్ షాపుల్లో పొట్లం కట్టి ఇచ్చే డోసులు చేత్తో ముట్టుకోవద్దన్నాడు. అత్త బుద్ధిగా తలూపింది. ఇంటికొస్తూ బస్సులో, ఇంక పొట్లం జోలికి పోనని నా చెయ్యి పట్టుకుని మాటిచ్చింది. ఆ మాట మీద నిలబడింది కూడా, అదే కదా నా ఏడుపు.

ఇంతలో కొత్త షాపు వచ్చింది, నేను అందులో చేరాను. చేరిన నెలలోనే అసలు రంగు కనబడింది. బిల్లు కొట్టాలంటే కంప్యూటర్లో డాక్టరు పేరు అడుగుతుంది. చీటీ లేకుండా వచ్చినవాళ్ళకి ఏం రాయాలని అడిగితే, ఎప్పుడూ ఒకటే పేరు కొట్టమని చెప్పారు. ఆ డాక్టరు ఎవరో, బతికున్నాడో లేదో నాకు తెలీదు. పలాస జనం సగం మందికి ఆయనే వైద్యం చేస్తున్నట్టు మా రికార్డుల్లో ఉండేది. డాక్టరు రాసిన మందు పక్కన పెట్టి మా కంపెనీ సొంత మందు అంటగట్టాలి. జ్వరానికొచ్చినవాడికి టానిక్కు, టానిక్కుకొచ్చినవాడికి బిస్కెట్లు. అడిగింది ఇవ్వడం గుమాస్తా పనట, అడగంది అమ్మడం మా పనట. ఈ ముక్క మా ఏరియా మేనేజరు ప్రతి మీటింగులోనూ చెప్పేవాడు. విశాఖపట్నం మనిషి. చిన్న వయసు, మెత్తటి మాట, ఎప్పుడూ కోప్పడేవాడు కాదు. ఏం చెప్పినా నవ్వుతూనే చెప్పేవాడు.

శ్రీకాకుళంలో ఒక హోటలు హాల్లో మీటింగు పెట్టాడోసారి. ఈ జిల్లాలో మన అమ్మకాలు ఎందుకు లేవడం లేదు, చిన్న షాపులవాళ్ళు ఏం చేస్తున్నారు, మీలో ఎవరైనా చెప్పగలరా అన్నాడు. అందరూ నేల చూపులు చూస్తున్నారు. నేను లేచాను. ఎవడు లెమ్మన్నాడు నన్ను? మెచ్చుకుంటాడని లేచాను, ఇంకేం లేదు. డోసు సంగతి మొత్తం చెప్పాను. ఆడవాళ్ళు ఎప్పుడొస్తారు, ఏమని అడుగుతారు, పొట్లంలో ఏమేం పెడతారు, అన్నీ. పెద్దాయన అడిగే మూడు మాటలు కూడా చెప్పాను, అది మాత్రం న్యాయంగా చెప్పాను. మేనేజరు పెన్ను తీసి రాసుకున్నాడు. అందరిచేతా చప్పట్లు కొట్టించాడు. నేను గర్వంగా కూర్చుని మంచినీళ్ళు తాగాను.

నాలుగైదు నెలలు తిరక్కుండా అట్టపెట్టెలు దిగాయి. విప్పితే లోపల తళతళలాడే కవర్లు. కవరు మీద నెత్తిన గంపతో నవ్వుతున్న ఆడమనిషి బొమ్మ, పైన తెలుగులో ‘ఒళ్ళునొప్పుల కిట్’. లోపల ఒక నొప్పి బిళ్ళల స్ట్రిప్పు, ఒక గ్యాస్ బిళ్ళల స్ట్రిప్పు, ఒక పసుప్పచ్చ విటమిన్ స్ట్రిప్పు. నా డోసే. పొట్లంలో రెండు పూటలకి ఇచ్చేది కవర్లో పది రోజులకి సర్దేశారు. ఒక్క పూటకి కావాలంటే అమ్మకూడదు, కవరు మొత్తం తీసుకోవాల్సిందే. ఆ మూడు ప్రశ్నలు మాత్రం ఎక్కడా లేవు. వెనకాల అడుగున, చీమతలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో ఏదో జాగ్రత్త రాశారు. నేనే కళ్ళు చికిలించుకుని చదవాల్సొచ్చింది.

మేనేజరు వచ్చినప్పుడు అడిగాను, కాళ్ళ వాపు అడగాలి కదండీ, ఇక్కడ కిడ్నీలు ఎక్కువ అని.

“ప్రశ్న వేస్తే మనిషి ఆలోచిస్తాడు మేడమ్. ఆలోచిస్తే కొనడు,” అన్నాడు. అదే నవ్వు.

అప్పుడే కోటు విప్పి బల్ల మీద పడేసి రావాల్సింది. రాలేదు. నాకు తోచినప్పుడు నేను అడుగుతాలే అనుకున్నాను. కొన్నాళ్ళు అడిగాను కూడా. తర్వాత రద్దీలో మానేశాను. నేను మానేశానని నాకే తెలియనంత మెత్తగా మానేశాను. కిట్ల అమ్మకంలో మా షాపు జిల్లాలో మొదటొచ్చింది. ఆ ఆలోచన నాదని నాకొక సర్టిఫికెట్ ఇచ్చారు. చర్చిలో అత్త సాక్ష్యం చెప్పింది, నా మేనకోడలికి కంపెనీవాళ్ళు మెప్పు పత్రం ఇచ్చారని. అందరూ కళ్ళు మూసుకుని దేవుడికి స్తోత్రం చెల్లించారు. నేను కూడా తల దించుకుని ఆమెన్ అన్నాను. ఛీ, తలుచుకుంటే నోరు కడుక్కోవాలనిపిస్తుంది.

ఆ తర్వాత ఫ్యాక్టరీల దగ్గర ఉచిత బీపీ క్యాంపులు పెట్టమన్నారు. ఉచితం అంటే బీపీ చూసేది ఉచితం. పక్కన ఇంకో బల్ల మీద కిట్లు. అత్త పనిచేసే ఫ్యాక్టరీ గేటు దగ్గర క్యాంపు నేనే పెట్టాను. అత్త ఆరోజు ఎంత హడావిడి చేసిందో. తన వరసలో కూర్చునే ఆడవాళ్ళనందరినీ చెయ్యిపట్టుకుని లాక్కొచ్చింది, ఇది మా పిల్ల కంపెనీ, నమ్మకమైన సరుకు అని. నేను చేతులకి బీపీ పట్టీ చుడుతూ ఓరకంట చూశాను. అత్త రెండు కవర్లు తీసి చీర చెంగులో పెట్టుకుంది.

చూశాను. ఎవరికో తీసుకుంటోంది అనుకున్నాను. తను వేసుకోదుగదా, మాటిచ్చిందిగదా అనుకున్నాను. ఎవరికో అయితే పర్వాలేదన్నమాట! ఈ ముక్క నాకు అప్పుడు తట్టలేదు. నా అత్త కడుపులోకి పోకపోతే చాలు, పక్కమనిషి కడుపులోకి పోతే అది అమ్మకం. అంత రోతగా తయారైంది నా బుర్ర.

ఏడాది తిరిగేసరికి ఒక ఆదివారం అత్త చర్చికి రాలేదు. ప్రార్థన అయ్యాక ఇంటికెళ్ళాను. మంచం మీద కూర్చునుంది. పాదాలు వాచిపోయి ఉన్నాయి. వేలితో నొక్కితే సొట్ట పడి అలాగే ఉండిపోయింది. మొహం ఉబ్బి కళ్ళు చిన్నవైపోయాయి. అన్నం సయించక వారం రోజులైందట. నాకు ఒళ్ళు మండిపోయి నోటికొచ్చినట్టు అరిచాను, మళ్ళీ పొట్లాలు మొదలెట్టావా, నాకు మాటిచ్చావే, డాక్టరు చెప్పినా బుద్ధి లేదా అని.

“నాను పొట్లం ముట్టుకోనేదే,” అంది అత్త. “పెబువు సాచ్చిగా సెప్తన్నాను. డాక్టరుబాబు సెప్పినకాణ్ణుంచి ఒక్క పొట్లం ఏసుకోనేదు. మీ కంపినీది ఏస్కుంటన్నాను. కాయితం పొట్లం కాదు గదా అది, కవరు.”

లేచి గోడవారగా ఉన్న పెట్టె తెరిచి చూపించింది. ఖాళీ కవర్లు ఇస్త్రీ చేసినట్టు ఒకదానిమీద ఒకటి సర్ది పెట్టుకుంది, అయిపోయినప్పుడల్లా తోటివాళ్ళ చేత తెప్పించుకునేదట, బొమ్మ బాగుందని పారెయ్యబుద్ధి కాలేదట.

ఆవిడ తప్పేముంది? పొట్లం వద్దన్నాడు డాక్టరు, పొట్లం మానేసింది. మా జనానికి మందు చెడ్డదయ్యేది అది చుట్టిన కాగితం వల్లే. న్యూస్‌పేపర్లో వచ్చింది నాటు సరుకు, మెరిసే కవర్లో అచ్చేసి వచ్చింది అసలు మందు. మా కంపెనీకి ఇది తెలుసు, అందుకే కవరుకి అంత మెరుపు పెట్టింది. ఆ వెనకాల రాసిన ఇంగ్లీషా? అత్త బైబిలు గడగడా చదువుతుంది, ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు.

శ్రీకాకుళం తీసుకెళ్ళాం. డాక్టరు కాగితాలు రెండుసార్లు తిరగేశాడు. తర్వాత వారానికి రెండుసార్లు డయాలసిస్ అన్నాడు. ఎప్పటిదాకా అని అత్త అడిగింది. ఆయన నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. ఇంకెన్నాళ్ళో ఇలాగే నడిచిపోవాల్సిన మనిషిని అక్కడికి తెచ్చింది నేను కనిపెట్టిన కిట్టని ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు.

మేనేజరుకి ఫోన్ చేసి కడిగేశాను. అంతా ఓపిగ్గా విన్నాడు. అత్తగారి విషయం వినడానికి చాలా బాధగా ఉందన్నాడు. జాగ్రత్త వెనకాల రాసే ఉందన్నాడు. మనం చేతికిచ్చాం గానీ నోట్లో పెట్టలేదు కదా అన్నాడు. చివర్లో, ఈ విషయం మీరు బయట మాట్లాడితే మీకే ఇబ్బంది, బిల్లుల మీద ఉన్నది మీ నంబరే అని గుర్తు చేశాడు. గొంతు పెంచలేదు. అంత శుభ్రంగా మాట్లాడే మనిషి మీద ఉమ్మడానికి కూడా చోటు దొరకదు. మర్నాడు నా సర్టిఫికెట్ గోడ మీంచి దించుకుని వచ్చేశాను. మూడోరోజుకి అదే మేకుకి ఇంకొకరి సర్టిఫికెట్ తగిలించారని విన్నాను. కిట్లు మామూలుగా అమ్ముడవుతున్నాయి.

అత్తకి మాత్రం చెప్పలేకపోయాను. డయాలసిస్‌కి ప్రతిసారీ నేనే తీసుకెళ్ళేదాన్ని. మోచేతి కింద చిన్న ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపారు, అక్కడే సూదులు గుచ్చుతారు. మంచం మీద పడుకుని నర్సులకి నన్ను చూపించి, మా పిల్ల మందుల కంపెనీలో పెద్ద ఉద్యోగం అని చెప్పేది. మానేశానని చెబితే బాధపడుతుందని ఇంకా చెప్పలేదు నేను. నర్సులు నన్ను చూసి నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని.

రెండు నెలలు పోయాక ఒకరోజు సూదులు గుచ్చి ఉండగా, ఇంక పట్టలేక అన్నీ చెప్పేశాను. కిట్లో ఉన్నది పొట్లంలో ఉన్నదే అని. ఆ ఉపాయం చెప్పింది నేనే అని. క్యాంపు రోజు కవర్లు తియ్యడం చూసి కూడా ఊరుకున్నానని. అత్త పైకప్పు వైపు చూస్తూ విన్నది. తిట్టలేదు. తిడితే బాగుండునని ఎంత కోరుకున్నానో చెప్పలేను.

“మా వరసలో అందరికీ నానే అలవాటు సేసీసేనే,” అంది. “మా పిల్లది, మంచిది అని సెప్పి. ఆలకేటని సెప్పాల ఇప్పుడు?”

నువ్వు చేసింది నువ్వే పోయి చెప్పు అని మొహం గోడవైపు తిప్పుకుంది.

మర్నాడు మధ్యాహ్నం అన్నాల వేళకి ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్ళాను. ఆడవాళ్ళు చెట్టునీడలో క్యారేజీలు విప్పుకుని కూర్చున్నారు. చేతులన్నీ జీడి నూనెకి నల్లగా కాలిపోయి ఉన్నాయి. నిలబడి చెప్పాను, ఆ కవర్లు వేసుకోకండి, కిడ్నీలు పోతాయి, కాళ్ళు వాస్తున్నవాళ్ళు వెంటనే పరీక్ష చేయించుకోండి అని. ఒకావిడ పక్కావిడని మోచేత్తో పొడిచి నవ్వింది.

“ఉజ్జోగం తీసీసినారేటే?” అని నన్నడిగింది.

కాదు, నేనే మానేశానంటే ఎవరూ నమ్మలేదు. కంపెనీ మీద కోపంతో చెబుతున్నానన్నారు. బజారు వీధి పెద్దాయన చెప్పి పంపించాడా అని ఇంకొకావిడ అడిగింది. నిరుడు ఇదే గేటు దగ్గర మంచిదన్నావు, ఇప్పుడు చెడ్డదంటున్నావు, ఏ మాట నమ్మాలమ్మా అన్నారు. వాళ్ళన్నదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. ఒక ముసలావిడ నా ఎదురుగానే కవరు తీసి ఒక బిళ్ళ చిదిపి నోట్లో వేసుకుని నీళ్ళు తాగింది. నేను చూస్తూ నిలబడ్డాను.

ఆటో ఆగిన చప్పుడైంది. అత్త దిగింది, గోడ పట్టుకుని ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చింది. ఇలా వస్తానని నాతో అనలేదు. వాళ్ళ మధ్యకి వచ్చి చతికిలబడింది. జాకెట్టు చెయ్యి పైకి లాగి, ఆపరేషన్ చేసిన చెయ్యి ముందుకి చాపింది. అక్కడ చర్మం ఉబ్బి, సూదులు గుచ్చిన చోట్ల నల్లగా కమిలిపోయి ఉంది. ముట్టుకోండే అంది. అందరూ జంకారు. ముసలావిడ ముందు ముట్టుకుంది, ముట్టుకుని ఉలిక్కిపడి వేళ్ళు వెనక్కి లాక్కుంది. ఆ ఉబ్బు లోపల రక్తం ఎప్పుడూ ఝుమ్మని కొట్టుకుంటూనే ఉంటుంది. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. ఎంగిలి చేతులు చీరకి తుడుచుకుని, వంగి, ఆ చేతి మీద వేళ్ళు పెట్టి, పోయి కూర్చున్నారు. ముసలావిడ తన కవరు తెచ్చి అత్త ఒళ్ళో పెట్టింది. మిగతావాళ్ళు కూడా క్యారేజీ సంచుల్లోంచి, చెంగుల్లోంచి తీసి పెట్టారు.

అందరూ అయ్యాక అత్త నా వైపు చూసింది. రెండు నెలలుగా పక్కనే కూర్చుంటున్నాను గానీ ఆ చోటు నేను ఎప్పుడూ ముట్టుకోలేదు.

“నువ్వూ ముట్టుకో,” అంది.

కూర్చుని ముట్టుకున్నాను. వెచ్చగా ఉంది. వేళ్ళ కింద ఆగకుండా కొట్టుకుంటోంది. ఒక్క క్షణం కంటే ఓర్చుకోలేక చెయ్యి తీసుకోబోయాను. అత్త రెండో చేత్తో నా చెయ్యి పట్టి అక్కడే నొక్కింది.

“తియ్యకు,” అంది. “ఉంచు.”